వజ్రకరూరు రాయి, అయో నిప్పు

తొలకరి వానకు పైమన్ను కొట్టుకొనిపోగానే వజ్రకరూరు పొలాలలో మనుషులు తలలు వంచుకొని నడుస్తూ కనిపిస్తారు. వారు చూచేది విత్తనానికి పదును కాదు, మెరిసే రాయిని. పొరుగు జిల్లాలనుండి సైతం వచ్చి చెట్లక్రింద కాపురముంటారు. ఆ రాయి అక్కడికెట్లు వచ్చిందని అడిగితే “భూమిలో పుట్టింది” అంటారు. నిజమే. అయితే అది పుట్టిన చోటు ఆ పొలానికి సుమారు 150 కిలోమీటర్లకు పైగా అడుగున ఉన్నది.

దాదాపు 110 కోట్ల సంవత్సరాల క్రిందట, నీటి ఆవిరితోను బొగ్గుపులుసు వాయువుతోను నిండిన శిలాద్రవం అంత లోతునుండి భూమిని చీల్చుకొని ఎగసింది. దారిలో తగిలిన వజ్రాలను వెంట తెచ్చింది. ఆ గొట్టాలలో గట్టిపడిన శిలకు దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణం పేరిట కింబర్లైటు అని పేరు. లత్తవరంలోను, ధర్మవరం దాపున చిగిచెర్లలోను ఇట్టివి కలవు. ఉర్దూ విభాగపు మిత్రులు అగ్నిపర్వతాన్ని ఆతిష్ ఫిషాన్, అనగా నిప్పులు చిమ్మేది, అంటారు. మన సీమకు ఆ మాటే తగినది. ఇక్కడ పర్వతమంటూ ఏమీ మిగలలేదు.

మన నిప్పు చల్లారింది. అంతకంటె ఎంతో చిన్నదైన ఒక లోకంలో అది చల్లారలేదు. గురుగ్రహపు ఉపగ్రహమైన అయో వ్యాసం సుమారు 3,640 కిలోమీటర్లు. మన చంద్రుని కంటె కొంచెమే పెద్దది. (పేరు తెలుగు చెవికి విలాపంలా తోచినా అది గ్రీకు పురాణకన్య పేరు.) చంద్రుడు చల్లారినట్లే అదీ చల్లారి ఉండవలసింది. కాని పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అది లోపల కరిగి ఉంటుందని లెక్కకట్టి 1979 మార్చి 2న ప్రకటించారు. మూడు రోజులకు వాయేజర్-1 దాని ప్రక్కగా సాగింది. మార్చి 8న ఆ నౌక పంపిన ఒక చిత్రాన్ని దారి లెక్కలకోసం పరిశీలిస్తున్న లిండా మొరాబిటో, అయో అంచున గొడుగువలె లేచిన మేఘాన్ని గుర్తించారు. అది భూమికి ఆవల మానవుడు చూచిన తొలి సజీవ అగ్నిపర్వతపు ఉద్గారం. దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తు. లెక్క ముందు, దృశ్యం తరువాత! నాకు ఇంతకంటె ముచ్చటైన శాస్త్రకథ తెలియదు.

కారణం ఇరుగుపొరుగు. అయో నాలుగు చుట్లు తిరిగేసరికి యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి. ఆ లాగుడువలన అయో కక్ష్య గుండ్రంగా కుదురుకోదు. గురువుకు ఒకసారి దగ్గరై ఒకసారి దూరమవుతుంది. నలభైరెండున్నర గంటలకొకసారి దాని గట్టి నేలే పొంగి తగ్గుతుంది. తీగను పదేపదే వంచితే మడతవద్ద వేలికి చురుక్కుమంటుందే, ఆ వేడి ఇదే. నేడు అక్కడ నాలుగు వందలకు పైగా అగ్నిముఖాలు తెలిసినవి. లోకీ అనే లావా మడుగు అనంతపురంనుండి బెంగుళూరంత వెడల్పు. 2023 డిసెంబరు 30న జూనో నౌక అయోకు 1,500 కిలోమీటర్ల దూరానికి వెళ్లి చూచింది.

అయితే అంత నిప్పున్న అయోలో నీరు లేదు. సౌరకుటుంబంలో మనకు తెలిసిన లోకాలలో అత్యంత శుష్కమైనది అదే. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతికే మనకు ఈ మాట ఊరకే పోదు. మన క్రింద ఉన్నది రంధ్రాలు లేని కటిక రాయి. నీరు నిలిచేది పైని శిథిలపు పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే. మా నాన్నగారు వేయించిన మూడు బోర్లలో రెండింట రాతిపొడి తప్ప రాలేదు. మూడవది పగులును తాకింది. ఆ నీటితోనే నా చదువు సాగింది.

ఉర్దూలో గురుగ్రహాన్ని ముష్తరీ అంటారు. ఆ మాటకే కొనుగోలుదారు అనే అర్థమూ ఉన్నది. వానాకాలంలో వజ్రకరూరుకు ఆ ముష్తరీల కొదువ లేదు. రాయిని చదివేవారే తక్కువ. కళాశాల కార్యవర్గంవారు వచ్చే వేసవిలో విద్యార్థులను ఒక దినం అక్కడికి పంపగలిగితే, ముందు కింబర్లైటు చూపి, తిరిగి వచ్చేటప్పుడు ఒక దిగుడు బావిలోనికి దింపి, నీరు ఊరే పగులును చేతితో తడిమి చూడనివ్వాలని నా మనవి.