వంగపూవన్నె గులాబి

గులాబులలో నీలవర్ణం లేదు. ప్రకృతి పిసినారితనం వల్ల కాదు. పూలకు నీలిమనిచ్చే డెల్ఫినిడిన్ అనే వర్ణద్రవ్యాన్ని తయారుచేసుకొనే శక్తి గులాబి జాతికి లేకపోవడం వల్ల. అమెరికాలో గ్లాడిస్ ఫిషర్ అనే మహిళ 1957లో లోకానికి అందించిన ‘స్టెర్లింగ్ సిల్వర్’, దాని సంతతినుంచి జర్మనీకి చెందిన మథియాస్ తాంతౌ 1964లో రూపొందించిన ‘బ్లూ మూన్’ - వీటి రేకుల్లో ఉన్నది లేత ఊదా మాత్రమే. జపాను, ఆస్ట్రేలియా సంస్థలు రెండు కలిసి మరో పూజాతి జన్యువును గులాబిలో చేర్చి, 2004లో ప్రకటించి, 2009లో జపాను విపణిలోకి తెచ్చిన పువ్వు కూడా కంటికి ఊదాగానే తోస్తుంది. ఈ రంగును తెలుగింటి ఆడపడుచులు చీరల అంగట్లో ఏనాడో గుర్తించి వంగపూవు రంగు అన్నారు. అంతకంటె సరిపడే మాట ఉద్యానశాస్త్ర గ్రంథాలలోనూ దొరకదు.

ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో ఒక పాత మిద్దె యింటి పెరట్లోకి ఈ పువ్వు 1981లో వచ్చింది. ఇంటి యజమాని ఉపాధ్యాయుడు. బెంగుళూరులో ఒక నర్సరీ నుంచి ‘బ్లూ మూన్’ అంటుమొక్కను తడిగోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చాడు. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న ఊరు కావడం మొక్కకు కలిసివచ్చింది. ఊదా గులాబికి చల్లని రాత్రులు కావాలి. ఎండ ముదిరితే రంగు వెలిసి, ఉతికిన గుడ్డలా అవుతుంది. మార్గశిర పుష్యమాసాలలో పూచిన పువ్వుకూ, చైత్రంలో పూచిన పువ్వుకూ అక్కాచెల్లెళ్ళపాటి పోలిక కూడా ఉండదు.

తెచ్చింది ఆయనే గాని, పెంచింది ఆమె. వానలు వెనుకబడగానే అక్టోబరులో కొమ్మలు కత్తిరించడం, కత్తిరించిన చోట పసుపు ముద్ద పెట్టడం, పాదు తవ్వి మాగిన పశువుల ఎరువూ వేపపిండీ వేయడం, వేరుశెనగ చెక్కను నాలుగురోజులు నానబెట్టి పలచన చేసి పోయడం ఆమె పనులు. ఆ చెక్కనీళ్ళ కంపుకు ఇరుగుపొరుగు ముక్కులు మూసుకొనేవారు. నలభై అయిదు రోజులకు అదే పాదునుంచి, నిమ్మతొక్క గిల్లినట్టు మొదలై తేనెలోకి జారే పరిమళం వచ్చేది.

ఆ పరిమళమే ఇంట్లో ఒక తగవు పెట్టింది. వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదు. ఈ పువ్వు ఎదుట నిలబడి వాసన చూడకుండా ఉండడం పిల్లలవల్ల కాదు. “మూసి చూసినావు గదా, ఇంక స్వామికి ఎట్ల పెడతాం?” అని మనవరాలిని కసరడం నిత్యకృత్యమైంది. తెల్లవారకముందే, పిల్లలు లేవకముందే పువ్వు కోయడం ఆమె కనిపెట్టిన ఉపాయం. పూల అలంకరణ తెలిసినవారు కూడా ఆ వేళనే మేలంటారు; రాత్రి తేమ కాడలో నిలిచి ఉన్నప్పుడు ఏటవాలుగా కోసి, వెంటనే నీళ్ళలో దించితే పువ్వు నాలుగు రోజులు నిలుస్తుంది. ఆచారం, శాస్త్రం ఇలా ఒకే వేళకు తోటలో కలుసుకోవడం తరచుగా జరిగేది కాదు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. గులాబి అత్తరును కనుగొన్న ఘనతను జహంగీరు చక్రవర్తి తన స్వీయచరిత్రలో కట్టబెట్టింది నూర్జహాను తల్లికి, అంటే తన అత్తగారికి. పన్నీరు తీస్తుండగా పాత్రల్లో పైకి తేలిన నూనెతెట్టును ఆమె కొద్దికొద్దిగా పోగుచేసిందట. చరిత్రలో అత్తగార్లకు దక్కిన అరుదైన ప్రశంసల్లో ఇదొకటి.

1994లో ఆ ఉపాధ్యాయుడు గతించాడు. అప్పటినుంచి ఆమె పువ్వు పెట్టుకోలేదు. పెట్టుకోవద్దని ఇంట్లో ఎవరూ అనలేదు; పెట్టుకొమ్మనీ ఎవరూ అనలేదు. 1881లో వీరేశలింగంగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ఇల్లే అది. చట్టాలు మార్చగలిగినవాటికంటె మౌనం కాపాడుతూ వచ్చినవే ఎక్కువ. మొక్క సేవ మాత్రం ఆమె మానలేదు. కోసిన పువ్వు ఒకటి దేవుడి పటానికి, ఒకటి కోడలి జడకు, మిగిలినవి నడవలో ఇత్తడి చెంబులోకి. ఇత్తడి పసుపుకు ఎదురుగా ఆ ఊదా ఎంత నిండుగా కనిపిస్తుందో గాజుకూజాలో పెట్టి చూసినవారికి తెలియదు.

2002లో దేశమంతటా అనావృష్టి. మరుసటి వేసవికి పెరటి బోరు ఎండింది. ట్యాంకరు నీళ్ళు బిందెల లెక్కన వచ్చేవి. “మనుషులకే నీళ్ళు లేకపోతే రోజాకు పోస్తావుంటే ఎట్లత్తా?” అని కోడలు అడిగింది. అడగడంలో తప్పులేదు, వీధిలో బిందెలతో నిలబడుతున్నది ఆమే. అత్తగారు బదులు చెప్పక, బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం చాటుగా పాదులో పోసింది. అవి చాలలేదు. కొమ్మలు చివళ్ళనుంచి నల్లబడి కిందికి ఎండుతూ వచ్చాయి.

ఆ రోజుల్లో ఆమె నెలరోజులు తమ్ముడి ఊరికి వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి మొక్క మొదట్లో నాలుగు పచ్చని రెమ్మలు మోకాలెత్తు లేచి ఉన్నాయి. తన స్నానపు నీళ్ళలో చెంబెడు తగ్గించుకొని రోజూ పోసి బతికించానని కోడలు సంబరంగా చూపింది. పెద్దావిడ వంగి చూసింది. ఆకుకు ఏడేసి చిట్టాకులు, పాలిపోయిన పచ్చదనం. అంటు కట్టిన చోటుకు దిగువనుంచి, వేరుమొక్క వేసిన రెమ్మలవి. వాటిని ఉంచితే మొక్క బతుకుతుంది, వంగపూవు గులాబి పోతుంది. ఆమె ఒక్కమాట మాట్లాడకుండా నాలుగింటినీ మొదలంటా లాగి చీల్చేసింది. కత్తిరిస్తే మళ్ళీ మొలుస్తాయి, చీల్చడమే పద్ధతి. కోడలికి పద్ధతి తెలియదు. రెండు రోజులు అత్తాకోడళ్ళ మధ్య మాటలు లేవు. ముందు ఒక మాట చెప్పి ఉండవలసింది అత్తగారేనని ఒప్పుకోక తప్పదు.

చీల్చిన రెమ్మలను పారేయడానికి కోడలికి మనసు రాలేదు. కోపంతోనో, పంతంతోనో పగిలిన కుండలో గుచ్చి, మళ్ళీ అదే చెంబెడు నీళ్ళు పోసింది. తొలకరికి మూడు నాటుకున్నాయి.

తల్లిమొక్కకు మిగిలింది పెన్సిలు మందాన ఒకే ఒక కొమ్మ. చలికాలంలో అంటుకట్టడం తెలిసిన తోటమాలిని పిలిపించారు. కొమ్మమీద పనికివచ్చే కళ్ళు నాలుగున్నాయన్నాడు. కట్టడానికి వేరుమొక్కలేవి అని అడిగాడు. కోడలు లోపలికి వెళ్ళి పగిలిన కుండ తెచ్చి ముందు పెట్టింది. మూడు మొక్కలమీదా బెరడును గీసి, ఒక్కొక్క కన్నును లోపలికి జొనిపి, ప్లాస్టిక్ పట్టీ చుట్టాడు. నాలుగో కన్ను చేతిలో ఎండిపోయింది. మూడింటిలో రెండు పట్టాయి. ఆ ఏడాది చివరికి తల్లిమొక్క పూర్తిగా పోయింది. ఆనాటినుంచి దిగువ రెమ్మలను గుర్తుపట్టి చీల్చే పని కోడలిది. అత్తగారికంటె నిర్దయగా చీలుస్తుందని ఇంట్లో వేళాకోళం.

2016లో మనవరాలి పెళ్ళి కుదిరింది. చీర ఆ పువ్వు రంగులో ఉండాలని పిల్ల పట్టుబట్టింది. తడి చేతిరుమాలులో రెండు రేకులు పెట్టుకొని నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాల వారి దగ్గరికి వెళ్ళారు. నేత పెద్ద రేకును వెలుతురుకు పట్టి చూసి, “పొద్దుటి రంగా, మాపటి రంగా?” అని అడిగాడు. అప్పటికే రేకు అంచులు పాలిపోతున్నాయి. పొద్దుటిదే అన్నారు.

జడలో తురమడానికి ఈ జాతి గులాబి అనువైనది కాదు. తల బరువు, రేకులు వదులు. కాడ రెండంగుళాలు మాత్రం ఉంచి, చుట్టూ ముదురు రేకులు రెండు మూడు తీసివేసి, అరటినారతో మొదలు బిగించి కట్టాలి. పక్కన కనకాంబరాలు ఉండాలని పెళ్ళివారి ఆడవాళ్ళన్నారు. కనకాంబరం ఎరుపు పక్కన ఊదా చచ్చిపోతుందని కోడలంది. చివరికి మల్లెలూ మరువమూ నిలిచాయి. ఇంతకూ పువ్వు కట్టగలిగినవారు ఒక్కరే. ఆమె కట్టి, పళ్ళెంలో పెట్టి, వెనక గదిలోకి వెళ్ళి కూర్చుంది. ముహూర్తం వేళ అక్కడే ఉండడం ఆమెకు ఇరవై రెండేళ్ళ అలవాటు.

పెళ్ళికూతురు పళ్ళెం తీసుకొని ఆ గదిలోకే వెళ్ళింది. “నువ్వే పెట్టవ్వా” అని వెనక్కి తిరిగి నేలమీద కూర్చుంది. వాకిట్లో పెద్దలు ఏమనుకుంటారో అని పెద్దావిడ కోడలి ముఖంలోకి చూసింది. కోడలు తలుపు దగ్గరగా వేసి, దానికి ఆనుకొని నిలబడింది. బయట పురోహితుడు పిల్లను తెమ్మని రెండోసారి పిలుస్తున్నాడు. లోపల ముసలి వేళ్ళు పాయల మధ్య చోటు వెతుకుతున్నాయి.

“తొందరేం లేదు, జారకుండా పెట్టత్తా” అంది కోడలు.