రాయపురం దాటి ఎన్నూరు రోడ్డున

మద్రాసుకు వచ్చిన చుట్టాలను మనం మెరీనాకూ, మైలాపూరుకూ, పాండీబజారుకూ తిప్పుతాం. హార్బరు వైపు మాత్రం తీసుకువెళ్ళం. ఆమధ్య ఒక ఆదివారం నేను పనిగట్టుకుని రాయపురం నుంచి కాశిమేడు మీదుగా ఎన్నూరు రోడ్డు వెంట వెళ్ళివచ్చాను. కుడిపక్క సముద్రం, ఎడమపక్క ఇళ్ళు, మధ్యలో కంటెయినర్ లారీలు.

ఒకప్పుడు ఇక్కడ రేవే లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా తాళ్ళతో కుట్టిన మసూలా పడవలు అలల మీదుగా సరుకును ఒడ్డుకు చేర్చేవి. సముద్రంలోకి కట్టిన గోడలను 1881లో తుపాను పడగొట్టింది. మళ్ళీ కట్టారు. 1983లో కంటెయినర్ టెర్మినల్ వచ్చింది.

మా పక్కింటి పెద్దాయన క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. "ఒక్క పెట్టె బయటికి రావాలంటే కస్టమ్స్ హౌసుకూ, షిప్పింగు ఆఫీసుకూ, బ్యాంకుకూ కాగితాలు మోసుకు తిరిగేవాళ్ళమండీ. చెప్పులు అరిగిపోయేవి" అంటారాయన.

ఇప్పుడు ఓడ రాకముందే అందులోని సరుకుల జాబితా కంప్యూటరు ద్వారా కస్టమ్స్‌కు చేరుతుంది. సుంకం కూడా ఆన్‌లైన్‌లోనే కడతారు. రేవులనూ, ఏజెంట్లనూ, బ్యాంకులనూ కలిపే పోర్ట్ కమ్యూనిటీ సిస్టమ్ 2018 డిసెంబరులో కొత్త రూపు దాల్చింది. కంటెయినర్‌కు తగిలించిన చిన్న ట్యాగు అది ఏ టోల్‌గేటు దాటిందో చెప్పేస్తుంది.

మరి ఆ పెట్టెను తెచ్చే మనిషి సంగతి? టీకొట్టు దగ్గర ఒక డ్రైవరు కలిశాడు. సొంతూరు సూళ్ళూరుపేట, తడ దగ్గరి శ్రీసిటీ నుంచి లోడు తెచ్చాడు. నాది తెలుగని తెలియగానే మనసు విప్పాడు. "పెట్టె యాడుందో ఓనరుకు ఫోన్లో కనపడతాది సార్. నేను తిన్నానో లేదో ఎవురికి కనపడతాది? మాకు ట్రిప్పుకింతని కూలి. ఏ రేవుకు పోయినా లైన్లో నిలబడిన పొద్దుకు పైసా రాదు."

ఆ మాట నన్ను వదలలేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ రేవులో లారీలకు ముందే వేళ కేటాయిస్తారు. వేళ తప్పితే లారీ కంపెనీకి జరిమానా. లారీని నిర్ణీత సమయం కన్నా ఎక్కువసేపు నిలబెడితే టెర్మినల్‌కూ జరిమానా. 2011 నాటికే అక్కడ ఈ పద్ధతి అమల్లో ఉంది. యంత్రం కన్నా ఆ రెండోవైపు జరిమానాయే గొప్పదనిపిస్తుంది నాకు.

పెట్టె ఎక్కడుందో క్షణంలో చెప్పగల కంప్యూటరుకు, డ్రైవరు ఎన్ని గంటలు నిలబడ్డాడో లెక్కకట్టడం కష్టమేమీ కాదు. ఆ లెక్కకు ఎవరు డబ్బు కట్టాలన్నది మాత్రం మనుషులే తేల్చాలి.