రవ్వ లేని బండి

మోటారు సైకిలు ఇంజను నడచుటకు మూడు కావలయును: గాలితో తగుపాళ్ళలో కలిసిన పెట్రోలు, ఆ మిశ్రమమును అదుమునట్టి ఒత్తిడి, సమయమునకు పుట్టు నిప్పురవ్వ. వీనిలో ఏ యొక్కటి లోపించినను బండి కదలదు. కావున బండి ఆగినంతనే అన్నిటిని విప్పుట వివేకము గాదు. లోపించినది ఏదియో ముందుగా తెలిసికొనవలయును.

ఒక వానకాలపు సాయంకాలమున, ఉబ్బసముతో బాధపడుచున్న పొరుగింటి అవ్వకు మందులు తెచ్చుచుండగా, ఊరికి మూడు కిలోమీటర్ల దూరమున నా బండి నిలిచిపోయెను. చీకటి పడుచుండెను. పలుమార్లు కిక్కు కొట్టినను ఫలితము లేదు. ప్లగ్గును విప్పి చూచితిని. దాని కొన పెట్రోలుతో తడిసియుండెను. పెట్రోలు లోనికి చేరుచున్నదనియు, మండుట లేదనియు దీనివలన తేలినది. ప్లగ్గును తుడిచి, దాని టోపీలో అమర్చి, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి, మరల కిక్కు కొట్టితిని. రవ్వ పుట్టలేదు.

ఇక దోషము విద్యుత్తు మార్గమున నున్నదని నిశ్చయించితిని. తీగలను వరుసగా తడవి చూడగా, హ్యాండిలు మెడవద్ద ఒక తీగ తొడుగు అరిగి చట్రమును తాకుచుండెను. అది ఇంజనును ఆపు మీటనుండి వచ్చు తీగ. చట్రముతో కలిసి రవ్వను ఆర్పుటయే దాని పని. ఇప్పుడు ఎవరి ఆజ్ఞయు లేకయే అది తన పని చేయుచున్నది! మందుల పొట్లముపై నున్న ప్లాస్టిక్కు ముక్కను దానికి గట్టిగా చుట్టితిని. ఇంజను మ్రోగెను. అవ్వకు రాత్రి మందు వేళకు అందెను.

బాలలారా! యంత్రమును తిట్టినచో అది నడువదు. ఒక్కొక్క ప్రశ్నను క్రమముగా అడిగిన వానికే అది తన బాధను తెలుపును.