ముప్పై కేజీల సర్వో

మా షాపుకు రిపేరుకొచ్చే రిమోట్ మాన్‌స్టర్ ట్రక్కుల్లో చాలావరకు డల్లాస్ నుంచి సూట్‌కేసుల్లో దిగినవే. ఈ బళ్లు చేసే ట్రాక్సస్ కంపెనీ ఉండేది ఆ పక్కనే, మెకిన్నీలో. ఫ్రిస్కో, ప్లేనోల నిండా మనవాళ్లే కాబట్టి సెలవులకు వచ్చే మేనమామో బాబాయో పిల్లాడికి ఒకటి పట్టుకొస్తాడు. విడి లిపో బ్యాటరీని చెకిన్ లగేజీలో వేయనివ్వరు. చేతి సంచిలో తేవడం తెలియనివాళ్లు బండి ఒక్కటే తెచ్చి, బ్యాటరీ కోసం ఇక్కడ వెతుక్కుంటారు. కొన్నాళ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిరిగాక ఆ బండి పక్కనున్న ఖాళీ ప్లాట్‌లోకి వెళుతుంది. కంకర, ఇసుక కుప్పలు, సగం లేచిన గోడ. అక్కడి నుంచి నా బల్ల మీదికి.

"అన్నా, ఎడమకి తిరుగుతలేదు. ముప్పై కేజీల సర్వో వెయ్యి, ఇంక దాని జోలికి పోయేది ఉండొద్దు."

సర్వో అంటే బండి స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు పెట్టె. దాని కేజీల లెక్క వీడియోలు చూసి నేర్చుకొస్తారు. సర్వో మీద రాసే కేజీకి, కూరగాయల తూకంలోని కేజీకి పొత్తు లేదు. ఇరుసు మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఎంత బరువును నిలబెట్టగలదన్నది ఆ లెక్క. ఇరుసుకు బిగించే చేతిని హార్న్ అంటారు, దాని పొడవు రెండు సెంటీమీటర్లయితే దాని కొసన దొరికే బలం సగమే. అమెరికా పెట్టెల మీద ఔన్స్-ఇంచుల్లో రాస్తారు, దాన్ని సుమారుగా పద్నాలుగుతో భాగిస్తే మన లెక్కకు వస్తుంది. ట్రాక్సస్ 2075 సర్వోకి 125 ఔన్స్-ఇంచులని ఉంటుంది, అంటే తొమ్మిది కేజీలు. రెండు రెండున్నర కిలోల బండికి నా ఉద్దేశంలో పది నుంచి పదిహేను కేజీల సర్వో పుష్కలం. ఎనిమిదిన్నర కిలోలు తూగే ఎక్స్-మ్యాక్స్ లాంటి వాటి సంగతి వేరు.

పైగా పెట్టె మీది అంకె ఏ వోల్టేజీకి రాశారో చూడాలి. 7.4 వోల్టుల దగ్గర ఇరవై కేజీలిచ్చే సర్వోకి 6 వోల్టులే అందితే ఆ ఇరవై రావు. బండిలోని స్పీడ్ కంట్రోలర్ నుంచి సర్వోకి వచ్చే కరెంటు చాలా బళ్లలో 6 వోల్టులే.

నేను ముందు సర్వో జోలికి పోను. బండిని స్టాండ్ మీద పెట్టి చక్రాలు గాల్లోకి లేపి, సర్వో నుంచి రాడ్డు విప్పేస్తాను. అప్పుడు ముందు చక్రాలను రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పితే అడ్డు లేకుండా తిరగాలి. తిరగలేదంటే జబ్బు సర్వోది కాదు. సర్వో లాగుడును చక్రాలకు మళ్లించే బెల్‌క్రాంక్ బుష్‌లో దుమ్ము గట్టిపడి ఉంటుంది, లేదా బాల్ జాయింట్‌లో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. మన ఎర్రమట్టి వానకు తడిసి ఆరిందంటే సిమెంటు కంటే తక్కువేమీ తినదు. ప్లాస్టిక్ బుష్‌లు తీసి చిన్న బాల్ బేరింగులు వేసి, రాడ్లు తుడిచి పెడితే పాత సర్వోతోనే బండి తిరగడం మొదలుపెట్టిన సందర్భాలు బోలెడు. "సర్వో మార్చలేదా?" అని వాళ్ల ముఖం చిన్నబోతుంది. కొత్త వస్తువు చేతికి రాకపోతే రిపేరు జరిగినట్టే ఉండదు కొందరికి.

రాడ్డు విప్పాక సర్వో ఒక్కదాన్నే ఆడిస్తాను. లోపల మోటారు జుయ్‌మంటూ హార్న్ జారుతుంటే గేర్ల పళ్లు రాలినట్టు. ఏమీ చేయకుండానే వణుకుతుంటే లోపలి పొటెన్షియోమీటర్ అరిగినట్టు. నేను టేప్‌రికార్డర్లు, టీవీలు బాగుచేస్తూ పెరిగినవాణ్ని. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనే జబ్బును వేల సార్లు విన్నాను, ఇది అదే. హార్న్ ఎక్కడుందో బోర్డుకు చెప్పేది ఈ పొటెన్షియోమీటరే. రిసీవర్ సెకనుకు సుమారు యాభై సార్లు ఒక పల్స్ పంపుతుంది. ఆ పల్స్ మిల్లీసెకనున్నర ఉంటే నడుమ, ఒకటి ఉంటే ఒక పక్క, రెండుంటే ఇంకో పక్క. అడిగిన చోటికి, ఉన్న చోటికి తేడా ఉన్నంతసేపు మోటారు తిరుగుతూనే ఉంటుంది. రాయి అడ్డొచ్చి చక్రం తిరగలేకపోతే మోటారు ఓటమి ఒప్పుకోదు, కాలిపోయేదాకా లాగుతుంది.

పళ్లు రాలేది దాదాపు ఎప్పుడూ రెండు చోట్లే. ఒకటి, గోడకు గుద్దినప్పుడు. రెండోది చాలామందికి తట్టదు: బండిని నిలబెట్టి స్టీరింగ్ తిప్పడం. పాత అంబాసిడర్‌ను కదలకుండా నిలబెట్టి స్టీరింగ్ తిప్పి చూసినవాళ్లకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. కదులుతున్న చక్రం సులువుగా మళ్లుతుంది. ఆగిన చక్రం నేలను రాసుకుంటూ మళ్లాలి. మాన్‌స్టర్ ట్రక్కు టైరు లావు, మెత్తన, కార్పెట్ మీదైతే అంటుకుపోయినట్టే ఉంటుంది. దీనికితోడు అందం కోసం బయటికి పొడుచుకొచ్చే వెడల్పాటి రిమ్ములు వేయిస్తారు. చక్రం మళ్లే ఇరుసుకు టైరు ఎంత దూరం జరిగితే సర్వోకి అంత భారం. రిమ్ము మార్చిన నెలలోనే సర్వో పోయిందని వచ్చేవాళ్లకు రెండింటికీ సంబంధం ఉందని చెబితే నమ్మరు.

నిజంగా మార్చాల్సి వస్తే మొదట లెక్కపెట్టాల్సినవి హార్న్ కూర్చునే పళ్లు. ఫుటాబా, సావాక్స్, ట్రాక్సస్ సర్వోల ఇరుసుకు 25 పళ్లు, హైటెక్‌కు 24, జేఆర్, కేఓ, సాన్వా వాటికి 23. 25 పళ్ల హార్న్ 24 పళ్ల ఇరుసు మీద నొక్కితే కూర్చుంటుంది కూడా. ఒక సాయంత్రం ఆడేలోపు రెండూ గుండు. ఆన్‌లైన్‌లో హార్న్ ఒక చోట, సర్వో ఇంకో చోట కొన్నవాళ్ల డబ్బాల్లో ఇలాంటి గుండు హార్న్‌లు కచ్చితంగా ఉంటాయి.

ముప్పై కేజీలు అడిగేవాళ్లను నేను ఆపేది సర్వో సేవర్ దగ్గర. సర్వోకి, చక్రానికి మధ్య ఒక స్ప్రింగు ఉంటుంది. చక్రం గోడకు తగిలినప్పుడు ఆ దెబ్బ పళ్ల మీద పడకుండా స్ప్రింగు విడిచిపెడుతుంది. తొమ్మిది కేజీల సర్వో కోసం పెట్టిన స్ప్రింగు అలాగే ఉంచి పాతిక కేజీలది బిగిస్తే ఏమవుతుంది? హార్న్ చివరిదాకా తిరుగుతుంది, స్ప్రింగు విచ్చుకుంటుంది, చక్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. వేలకు వేలు పెట్టిన బలం మధ్యలోనే ఖర్చయిపోతుంది. సర్వో దొంగదని నా ముందే తిట్టినవాళ్లున్నారు. చక్రాన్ని చేత్తో పట్టి చూపిస్తే తప్ప వాళ్ల కోపం స్ప్రింగు మీదికి మళ్లదు.

అలాగని సేవర్ తీసేసి అల్యూమినియం హార్న్ నేరుగా బిగించమంటే నేను చేయను. లోహపు పళ్లు తట్టుకుంటాయి, నిజమే. బండి గాల్లోకి లేచి ఒక చక్రం మీద పడినప్పుడు ఆ దెబ్బ మాత్రం ఎక్కడో ఒకచోట దిగాలి కదా. సర్వో చెవులు విరుగుతాయి, లేకపోతే బెల్‌క్రాంక్ పగులుతుంది, అదీ కాకపోతే చాసిస్‌లోని స్క్రూ రంధ్రం వదులవుతుంది. నూట యాభై రూపాయల గేరు బదులు వెయ్యి రూపాయల భాగం పోతుంది. కాస్త గట్టి స్ప్రింగు వేసి ఊరుకోవడమే నా పద్ధతి.

తర్వాత కరెంటు. పెద్ద సర్వో జామ్ అయినప్పుడు ఒక్కసారిగా రెండు మూడు ఆంపియర్లు, ఇంకా ఎక్కువ కూడా లాగుతుంది. స్పీడ్ కంట్రోలర్ అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ పడిపోయి రిసీవర్ ఒక క్షణం ఆగుతుంది. గ్యాస్ ఇస్తూ స్టీరింగ్ తిప్పగానే బండి చచ్చి మళ్లీ బతుకుతుంది. రేడియో పోయిందనుకుంటారు. రిసీవర్‌లో ఖాళీ చానల్ ఉంటే 4700 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్‌కు ప్లగ్గు అతికించి గుచ్చుతాను. కోఠి గుజరాతీ గల్లీలో పదుల రూపాయల్లో దొరికే వస్తువు. క్షణకాలం లోటును అది పూడుస్తుంది. లోటు రోజూ ఉండేదైతే కెపాసిటర్ సరిపోదు, సర్వోకి విడి సరఫరా ఇచ్చే బీఈసీ వేయాలి. అప్పుడు స్పీడ్ కంట్రోలర్ ప్లగ్గులోంచి నడిమి ఎర్ర తీగ పీకేయాలి, లేకపోతే రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. బీఈసీని 7.4 వోల్టులకు పెట్టేట్టయితే రిసీవర్ అంత తట్టుకునేదో కాదో ముందే చూసుకోవాలి.

బిగింపు పెద్ద పనేమీ కాదు. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, ట్రిమ్ సున్నాలో పెట్టి, సర్వో తనంతట తాను నడుమకు వచ్చాకే హార్న్ పెట్టాలి. లోహపు ఇరుసైతే స్క్రూకు ఒక చుక్క నీలం థ్రెడ్‌లాక్. ప్లాస్టిక్ దగ్గరికి ఆ మందు పోనివ్వకూడదు, పెళుసు చేస్తుంది. చివరగా రెండు వైపులా పూర్తిగా తిప్పి చెవి దగ్గర పెట్టుకుంటాను. చక్రం ఆగిన చోట సర్వో గురగురమంటే ఇంకా తోస్తోందన్నమాట. ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్, అంటే తిరిగే హద్దు, తగ్గిస్తే ఆ చప్పుడు ఆగుతుంది. ఈ అయిదు నిమిషాలు మిగుల్చుకోవడానికి చాలామంది కొత్త సర్వోను వారంలో కాల్చుకుంటారు.

టామియా 1987లో తెచ్చిన క్లాడ్ బస్టర్ ఎప్పుడైనా బల్ల మీదికి వస్తే నాకు పండగే. రెండు మోటార్లు, నాలుగు చక్రాలూ మళ్లే స్టీరింగ్. కంపెనీ ఇచ్చిన అమరికలో చాసిస్ మీది ఒక్క సర్వోయే పొడవాటి రాడ్లతో రెండు యాక్సిళ్లనూ తిప్పాలి. సస్పెన్షన్ కదిలినప్పుడల్లా చక్రాలు తమంతట తామే పక్కకు చూస్తాయి. అందుకే దాని అభిమానులు ఏ యాక్సిల్‌కు ఆ యాక్సిల్ మీదే ఒక సర్వో కూర్చోబెడతారు. అక్కడ కేజీలు పెంచడం కన్నా సర్వో చోటు మార్చడమే అసలు మరమ్మతు.

సర్వో నా దగ్గరే కొనాలని పట్టుబట్టను. బయట కొన్నది తెస్తే బిగింపు కూలి తీసుకుంటాను, దాని పళ్లకు మాత్రం పూచీ పడను. నాలుగైదు వందల మెటల్ గేర్ సర్వో మీద ఏ అంకె అచ్చు వేసినా అడిగేవాడు లేడు. విప్పిన పాతదాన్ని కవర్లో పెట్టి తిరిగిస్తాను, పారేయొద్దంటాను. దానికి గేర్ సెట్ విడిగా దొరుకుతుంది, వేసి ఉంచుకుంటే స్పేర్. ఖాళీ ప్లాట్‌లో బళ్లు గుద్దుకునేది ఎక్కువగా ఆదివారాలే, ఆ రోజు నా షాపుకు సెలవు.