సలహాదారుని కంటె ముందు ఒక ఉత్తరం

మా మనుమడు రెండవ తరగతిలో ఉండగా అక్షరాలు కూడబలుక్కోలేక కన్నీరు పెట్టుకొనేవాడు. జీవితమంతా పాఠాలు చెప్పిన మేమే దానిని సోమరితనమని గద్దించాము. పిదప, నలుగురికీ తెలియరాదని, గుట్టుగా ఒక విద్యా సలహాదారుని కుదుర్చుకొన్నాము. ఆయన మొదట అడిగినది, "బడికి ఉత్తరం వ్రాశారా?" అని. వ్రాయలేదు. మా మొగమాటానికి బిడ్డ సంవత్సరం వృథా అయినది.

అమెరికాలో 1975లో వచ్చి, తరువాత సవరణలు పొందిన చట్టం ప్రకారం, వైకల్యమేదో చదువుకు అడ్డు వస్తున్నదని తోస్తే, బిడ్డను పరీక్షించమని తల్లిదండ్రులు ప్రభుత్వ పాఠశాలను కోరవచ్చు. రుసుము లేదు. రాష్ట్రం వేరొక గడువు విధించకుంటే, మీరు సమ్మతించిన 60 రోజులలో పరీక్ష ముగియవలెను. నిరాకరిస్తే బడి కారణాలు వ్రాసి ఇవ్వవలెను. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులకు సమావేశంలో దుబాసీని బడియే ఏర్పాటు చేయవలెను. ఉచితంగా దారి చూపే కేంద్రం ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నది.

సలహాదారులు వద్దనుట మా అభిమతం కాదు. బడి మాట నిలుపుకొననప్పుడు చట్టమెరిగిన తోడు అవసరమే. అయితే రుసుమెంతో, చేసే పని ఏదో, ఒప్పందంలో చదివిన పిమ్మటనే సంతకం చేయండి.

మా ముత్తాత తాను చదవలేని ఒప్పందపత్రంపై వేలిముద్ర వేసి, మద్రాసు రేవులో నాటాలు చెరకు తోటలకు ఓడ ఎక్కినాడు. అడుగవచ్చునని ఆయనకు చెప్పినవారు లేరు. మనకు చదువున్నది, అడిగే హక్కున్నది. బిడ్డ కోసం అడుగుటకు సిగ్గెందుకు?