గ్రేస్ మార్కులు లేకుండా మల్లీశ్వరి

మన జిల్లాలో ఏ పాఠశాలలో వక్తృత్వ పోటీ పెట్టినా కరణం మల్లీశ్వరి గారి పేరు రాకుండా పోదు. ముందు కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు, ఆ వెంటనే మల్లీశ్వరి గారి పేరు. చప్పట్లు మోగుతాయి, మాట్లాడినవాళ్లు దిగిపోతారు. అయితే, అన్ని కాలాల వెయిట్ లిఫ్టర్లనూ ఒక వరుసలో నిలబెడితే ఆమె ఎక్కడ నిలుస్తారు అన్న ప్రశ్న మాత్రం వేదిక మీద ఎవరూ వేయరు. ఈ వార్షికోత్సవ సంచిక కోసం మేము ఆ ప్రశ్నే తీసుకున్నాం.

మాది సుమ్మాదేవి. ప్యాసింజరు రైళ్లు ఆగే చిన్న స్టేషను. అక్కడ ఎక్కి పలాస, నౌపడ, తిలారు దాటి వెళితే శ్రీకాకుళం రోడ్డు స్టేషను వస్తుంది. ఆ స్టేషనున్న ఊరే ఆమదాలవలస. దాని పక్కనే వూసవానిపేట. మల్లీశ్వరి గారు పెరిగింది అక్కడే. నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర బరువులెత్తడం నేర్చుకున్నదీ అక్కడే. అంటే మేము తీర్పు చెప్పబోయేది మా రైలు దారిలోని మనిషి గురించి. అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలనుకున్నాం.

జాగ్రత్తకు ఇంకో కారణం ఉంది. మాలో చాలామంది ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాళ్లం. "మీ నేపథ్యానికి ఇది చాలా ఎక్కువే బాబూ" అన్న మాట మేము విన్నాం. ఒక ఇంటర్వ్యూలోనూ విన్నాం, చుట్టాల పెళ్లిలోనూ విన్నాం. అన్నవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటలో ఒక తక్కువ కొలత దాగి ఉంటుంది. మనకు ఒక తూనిక, మిగతావాళ్లకు ఒక తూనిక. "పల్లెటూరి పిల్ల, పేదింటి పిల్ల, ఆ మాత్రం సాధించడమే గొప్ప" అని మల్లీశ్వరి గారి గురించి అంటే, మనకు నచ్చని ఆ కొలతతోనే ఆమెను కొలిచినట్టు. కాబట్టి ఇక్కడ గ్రేస్ మార్కులు లేవు. ఆమె కష్టాల కథ పక్కన పెట్టి, ఎత్తిన బరువులే చూద్దాం.

ముందు ఒక లెక్క సరిచేసుకోవాలి. సిడ్నీలో ఆమె 240 కిలోలు ఎత్తారని అందరూ అంటారు. అది ఒక్కసారిగా ఎత్తినది కాదు. ఈ ఆటలో రెండు పద్ధతులు. నేల మీది బరువును ఒకే ఊపులో తలపైకి లేపితే స్నాచ్. ముందు భుజాల మీదకు తెచ్చి, అక్కడి నుంచి పైకి లేపితే క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడు అవకాశాలు. రెండింటిలో మంచివి కలిపితే మొత్తం. 2000 సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130 ఎత్తారు. పలాసలో జీడిపిక్కల బస్తా 80 కిలోలు. దాన్ని కలాసీ వీపు మీదకు ఎక్కించడానికి పక్కన ఇంకొకరు చెయ్యి వేయాలి. 130 కిలోలంటే ఒకటిన్నర బస్తాకు పైమాట. దాన్ని ఎవరి చెయ్యీ పడకుండా తలపైకి లేపి, చేతులు చాచి, కదలకుండా నిలబడాలి.

ఇది మా ఊళ్లో చెబితే ఒక తాతగారు "అయినా మూడో ప్రైజే కదేటి?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు అంకెల్లోనే ఉంది. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టరు లిన్ వీనింగ్ మొత్తం 242.5. వెండి గెలిచిన హంగేరీ లిఫ్టరు ఎర్జెబెత్ మార్కుష్ మొత్తం కూడా 242.5. ఇద్దరిలో శరీర బరువు తక్కువగా ఉన్న లిన్‌కు స్వర్ణం దక్కింది. మల్లీశ్వరి గారికీ మొదటి స్థానానికీ తేడా 2.5 కిలోలు. అప్పటి నిబంధనల్లో బరువు పెంచే మెట్టే 2.5 కిలోలు. అంటే ఒక్క మెట్టు. 130 ఎత్తాక ఆమె చివరి అవకాశానికి 137.5 పెట్టించుకున్నారు. అది లేచి ఉంటే మొత్తం 247.5, స్వర్ణం. లేవలేదు. లేవనిదాన్ని మేము లెక్కలో వేయం. కానీ కంచు చేతిలో ఉండగా ఆమె అడిగింది స్వర్ణపు బరువు అన్నది మాత్రం రాసి పెట్టుకోవాల్సిన విషయం.

అసలు కొలత ఇంకోచోట ఉంది. సిడ్నీ ఆమె శిఖరం కాదు. 1993లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 54 కిలోల విభాగంలో కంచు. 1994లో ఇస్తాంబుల్‌లో అదే విభాగంలో స్వర్ణం. 1995లో గ్వాంగ్‌జౌలో మళ్లీ స్వర్ణం. గ్వాంగ్‌జౌ ఉన్నది చైనాలో. మహిళల బరువుల ఆటలో అందరికంటే బలమైన దేశం గడ్డ మీద, ఇరవై ఏళ్ల వయసులో, ఆమె ప్రపంచ విజేత. 1996లో వార్సాలో కంచు. వరుసగా నాలుగేళ్లు ప్రపంచ వేదిక మీద పతకం. ఖేల్‌రత్న 1995-96 సంవత్సరానికి, పద్మశ్రీ 1999లో వచ్చాయి. రెండూ సిడ్నీకి ముందే. మన వక్తృత్వ పోటీల్లో మాత్రం కథ 2000లో మొదలై 2000లోనే ముగుస్తుంది.

మరి 1996లో అట్లాంటా ఒలింపిక్స్ ఉన్నాయి కదా, అక్కడ ఎందుకు గెలవలేదు? అక్కడ ఆడవాళ్లకు బరువుల పోటీయే లేదు. మగవాళ్లు 1896లో జరిగిన తొలి ఒలింపిక్స్‌లోనే బరువులెత్తారు. ఆడవాళ్లకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1987లో మొదలైంది. ఒలింపిక్ తలుపు తెరుచుకున్నది 2000లో. ఆమె అందరికంటే బలంగా ఉన్న రోజుల్లో ఆ తలుపు మూసి ఉంది. తెరిచేసరికి ఆమె విభాగం 54 నుంచి 69 కిలోలకు మారిపోయింది. ఎదురుగా ఉన్నవాళ్లూ మారిపోయారు. పరీక్షే పెట్టని సంవత్సరంలో ఫస్టు క్లాసు ఎందుకు రాలేదని అడగడం ఏం న్యాయం? ఇది గ్రేస్ మార్కు కాదు. ప్రశ్నపత్రం ఇచ్చారా లేదా అని చూడడం, అంతే.

ఇక వరుస పెడదాం. ప్రపంచంలో మొదటి బల్ల మీద టర్కీకి చెందిన నయీమ్ సులేమానోగ్లు, గ్రీసుకు చెందిన పైరోస్ డిమాస్ వంటివాళ్లు కూర్చుంటారు. ఇద్దరూ మూడేసి ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. మహిళల్లో చైనా లిఫ్టరు చెన్ యాన్‌చింగ్ 2004లో, 2008లో స్వర్ణం గెలిచారు. ఈ బల్ల మీద మల్లీశ్వరి గారికి చోటు లేదు. ఈ మాట రాయడానికి మాలో కొందరు ఒప్పుకోలేదు. రాత్రి భోజనాలయ్యాక చాలాసేపు వాదన జరిగింది. చివరికి రాయాలనే నిర్ణయించాం. మన మనిషి అని ఇక్కడ దాచిపెడితే, రాబోయే మంచి మాటను కూడా ఎవరూ నమ్మరు.

ఆ మంచి మాట ఇది. ఒలింపిక్ తలుపు తెరవకముందు ఈ ఆటను నిలబెట్టిన మహిళల తరం ఒకటి ఉంది. ఆ తరంలో ఆమెది ముందు వరుస. ఇక భారతదేశం వరకు వస్తే, మణిపూర్‌కు చెందిన కుంజరాణీ దేవి గారు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో ఎన్నోసార్లు వెండి గెలిచారు, స్వర్ణం అందలేదు. అదే మణిపూర్ నుంచి వచ్చిన మీరాబాయి చాను గారు 2017లో ప్రపంచ విజేత అయ్యారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో 202 కిలోలతో వెండి గెలిచారు. ఒలింపిక్ పతకం ప్రకారం మీరాబాయి గారు ఒక మెట్టు పైన. ప్రపంచ స్వర్ణాల ప్రకారం మల్లీశ్వరి గారు ఒక మెట్టు పైన, రెండుసార్లు ప్రపంచ విజేత అయిన భారతీయ లిఫ్టరు ఆమె ఒక్కరే. మా తీర్పులో ఈ ఇద్దరిదీ ఒకే బల్ల, పక్కపక్క కుర్చీలు. మనవాళ్లు కాబట్టి ఇచ్చిన కుర్చీ కాదు, ఇంఫాల్‌లో కూర్చుని లెక్కవేసినా అదే వస్తుంది.

కోడి రామ్మూర్తి నాయుడు గారి సంగతి వేరు. గొలుసులు తెంచారని, ఏనుగును ఛాతీ మీదకు ఎక్కించుకున్నారని మన పెద్దలు చెబుతారు. ఆయన బలానికి కథలు సాక్ష్యం. మల్లీశ్వరి గారి బలానికి తూనిక సాక్ష్యం. ఇనప చక్రాల మీద ఎన్ని కిలోలో రాసి ఉంటుంది, బరువు సరిగా లేచిందో లేదో ముగ్గురు న్యాయనిర్ణేతలు చెబుతారు. ఎత్తినవాళ్లది ఏ ఊరు, ఏ కులం, తండ్రి ఏం చేస్తారు అని ఆ ఇనుము అడగదు. 2021లో ఆమె ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి తొలి వైస్ ఛాన్సలర్ అయినప్పుడు మాకు సంతోషం కలిగింది. కానీ ఆ పదవి లేకపోయినా పైన రాసిన లెక్కలో ఒక్క అంకె మారదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చే ఏడు వక్తృత్వ పోటీలో ఆమె గురించి మాట్లాడితే 110, 130 అని చెప్పండి. ఇస్తాంబుల్, గ్వాంగ్‌జౌ అని చెప్పండి. ఆమె ఏ బల్ల మీద లేరో కూడా ధైర్యంగా చెప్పండి. రేపు మీరు ఏ పరీక్ష రాసినా, ఏ ఉద్యోగానికి వెళ్లినా, "మీ నేపథ్యానికి ఇది ఎక్కువే" అనేవాళ్లు ఎదురవుతారు. వాళ్లకు నమస్కారం పెట్టి, "అందరినీ తూచే తూనికలోనే మమ్మల్నీ తూచండి" అని అడగండి. అలా తూచినప్పుడు తక్కువ వస్తే ఎంత తక్కువో తెలుస్తుంది. ఎక్కువ వస్తే ఆ ఎక్కువ పూర్తిగా మీదే అవుతుంది.