నిలువెత్తు మంచు, జానెడు నీళ్లు

2005 అక్టోబరు 18న అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో వాన పడింది. ఆ తర్వాత 143 రోజులు పడలేదు. క్రిస్మస్ వెళ్లింది, కొత్త సంవత్సరం వచ్చింది, ఫిబ్రవరి కూడా దాటింది. వాతావరణ కార్యాలయం రిజిస్టరులో రోజూ అదే సున్నా. ఉత్తరాన కొండల మీద మంచు కప్పి ఉండాల్సిన చోట చాలావరకు నేల కనిపిస్తోంది. చివరికి 2006 మార్చి 11న ఆకాశం కరిగి ఒక్క రోజులో 35 మిల్లీమీటర్లు కుమ్మరించింది. ఏడాది మొత్తానికి 183 మిల్లీమీటర్లు సగటు అనుకునే ఊరికి అది దాదాపు ఐదో వంతు.

183 అంటే ఎంత తక్కువో తెలియాలంటే అనంతపురం వైపు చూడాలి. కరువు సీమ అని మనం ఏళ్ల తరబడి చెప్పుకునే ఆ జిల్లా సగటు 550 మిల్లీమీటర్ల చిల్లర. ఫీనిక్స్‌కు మూడింతలు. అయినా అరిజోనా రాజధానిలో పచ్చిక మైదానాలున్నాయి, ఈత కొలనులున్నాయి, పక్కనే చాండ్లర్‌లో ఇంటెల్ చిప్ కర్మాగారాలున్నాయి, వాటి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలూ బాగానే ఉన్నాయి. ఆ కుళాయిల్లోకి వచ్చే నీళ్లలో చాలా భాగం ఊరి మీద పడిన వాన నుంచి రాదు. డిసెంబరు నుంచి మార్చి దాకా పసిఫిక్ సముద్రం మీదుగా వచ్చే తుఫానులు దూరపు కొండల మీద వదిలిపోయే మంచు నుంచి వస్తుంది. అందుకే ఇక్కడ చలికాలపు తుఫాను ఒకటి దాటిపోగానే ఏ చోట ఎంత పడిందన్న లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క ఒక అంకెతో తేలదు. ఫీనిక్స్ సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తున ఉంటే, ఉత్తరాన 230 కిలోమీటర్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తున ఉంది. నడుమ మగియోన్ రిమ్ అనే పొడవాటి కొండ అంచు గోడలా అడ్డం నిలుస్తుంది. పడమటి నుంచి వచ్చిన తేమగాలి ఆ అంచుకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోస్తున్నది దించేస్తుంది. అదే తుఫాను కింద ఎడారిలో నాలుగు చినుకులు రాల్చి, పైన పైన్ అడవిలో మోకాలి లోతు మంచు పరుస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌కు చలికాలంలో సగటున 90 అంగుళాల మంచు పడుతుంది. ఫీనిక్స్ చరిత్రలో అతి పెద్ద మంచు ఒక్క అంగుళం: 1933 జనవరిలో ఒకసారి, 1937 జనవరిలో మరోసారి.

ఎడారి వాన లెక్కలో మొదటి చిక్కు మరీ చిన్న అంకెలతో వస్తుంది. భారత వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు కొలిచి, 2.5 మిల్లీమీటర్లు దాటితేనే ఆ రోజును వానరోజుగా లెక్కిస్తుంది. ఫీనిక్స్‌లో ఆ గీత పెడితే రిజిస్టరులో రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. అక్కడ అంగుళంలో నూరో వంతు, అంటే పావు మిల్లీమీటరు పడినా కొలతకు అందిన వానే. అంతకన్నా తక్కువ పడి, గాజు మీద తడి మాత్రమే కనిపిస్తే ‘ట్రేస్’ అని రాస్తారు. ఎన్ని ట్రేస్‌లు కూడినా మొత్తం ట్రేసే! రాడార్‌ను నమ్ముకుందామంటే అదీ ఎడారిలో తడబడుతుంది. మేఘం నుంచి బయల్దేరిన చినుకులు పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతుంటాయి. తెర మీద పచ్చగా, పసుపుగా వాన కనబడుతుంటే కింద రోడ్డు మీద దుమ్ము లేస్తుంటుంది. కొండలు అడ్డొచ్చిన చోట రాడార్ కిరణం అసలు కిందికి చూడలేదు. చివరికి నమ్మదగ్గది నేల మీద నిలబెట్టిన గొట్టమే.

ఆ గొట్టాలు రెండు రకాలవారి చేతుల్లో ఉన్నాయి. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ వరద నియంత్రణ సంస్థకు మూడు వందలకు పైగా ఆటోమేటిక్ వర్షమాపకాలున్నాయి. లోపల చిన్న తొట్టె నిండగానే ఒరిగి నీళ్లు పారబోసుకుంటుంది. ఒరిగిన ప్రతిసారీ రేడియోలో కబురు వెళుతుంది. ఎండిన వాగులో నీరు అకస్మాత్తుగా దూసుకొచ్చే ప్రాంతంలో ఆ కబురుకు ప్రాణాలు నిలబెట్టే విలువ ఉంది. రెండో రకం, పెరట్లో నాలుగంగుళాల ప్లాస్టిక్ గేజ్ పెట్టుకున్న మామూలు మనుషులు. 1997 జులైలో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను ముంచిన వరద తర్వాత, ఊరికి ఒక కొనలో 14 అంగుళాలు పడితే మరో కొనలో రెండు కూడా పడలేదని తేలింది. వాతావరణ శాస్త్రవేత్త నోలన్ డోస్కెన్ 1998లో స్వచ్ఛంద పరిశీలకుల బృందాన్ని మొదలుపెట్టాడు. కోకోరాస్ అనే ఆ బృందం ఇప్పుడు దేశమంతా ఉంది. అరిజోనా విశ్వవిద్యాలయం 2005లో రెయిన్‌లాగ్ పేరుతో అలాంటిదే మరొకటి పెట్టింది.

కోకోరాస్ వాళ్ల గేజ్‌లో చిన్న తెలివి ఉంది. పై గరాటు నోటి వైశాల్యంలో లోపలి గొట్టం పదో వంతే. అంగుళం వాన పడితే గొట్టంలో పదంగుళాల ఎత్తున నిలుస్తుంది, నూరో వంతునూ కంటితో చదవచ్చు. రోజూ ఉదయం ఏడింటికి చూసి రాయాలి. సున్నా వచ్చినా పంపాలి. ఈ నియమమే ఎడారిలో అన్నిటికన్నా కష్టమైనది. వాన పడిన రోజు పరుగెత్తుకెళ్లి చూసేవాడు ఎవడైనా ఉంటాడు. నెలల తరబడి పొడి గొట్టాన్ని చూసొచ్చి సున్నా పంపడానికి మాత్రం వేరే రకం ఓర్పు కావాలి. కబురు రాకపోతే అక్కడ వాన పడలేదో, పరిశీలకుడు ఊళ్లో లేడో తెలియదు. రెండూ వేర్వేరు సంగతులు. ఫీనిక్స్ వైపున్న తెలుగువారిలో పెరడున్నవాళ్లు ఎవరైనా ఒక గేజ్ కొని పెట్టుకోవచ్చు. ఏ డిగ్రీ అక్కర్లేదు.

మంచు కొలవడం వానంత తేలిక కాదు. తెల్ల రంగు వేసిన చెక్క పలకను గాలికి మరుగున నేల మీద పెట్టి, దాని మీద పేరుకున్న మంచును స్కేలుతో కొలుస్తారు. ఎంతసేపటికొకసారి తుడవాలన్న దగ్గర పేచీ. కొత్త మంచు తన బరువుకే అణగారిపోతుంది కాబట్టి గంటకోసారి కొలిచి పలక తుడిచేస్తే మొత్తం పెరుగుతుంది. రోజుకోసారే కొలిస్తే తగ్గుతుంది. రికార్డుల మీద మోజున్న ఊళ్లు మొదటి పద్ధతిని ఇష్టపడతాయని వేరే చెప్పాలా? అందుకే రోజుకు నాలుగుసార్లకు మించి తుడవకూడదని వాతావరణ సర్వీసు నియమం పెట్టింది. 2019 ఫిబ్రవరి 21న ఫ్లాగ్‌స్టాఫ్ విమానాశ్రయంలో ఒక్క రోజులో 35.9 అంగుళాలు పడి, 1915 నాటి 31 అంగుళాల రికార్డు చెరిగిపోయింది. మర్నాడు ఫీనిక్స్ ఉత్తర శివారుల్లో సవారో జెముడు చెట్ల మీద కూడా మంచు కనిపిస్తే జనం ఫోన్లు పట్టుకుని బయటికొచ్చారు.

అయితే మంచు ఎత్తు నీళ్ల లెక్క చెప్పదు. తడి మంచు ఐదారు అంగుళాలు కరిగితే అంగుళం నీరొస్తుంది; పొడి మంచు ఇరవై అంగుళాలైనా అంతే రావచ్చు. పదికి ఒకటి అన్నది నోటి లెక్క. రాయలసీమ రైతు వానను మిల్లీమీటర్లలో చెప్పడు, పదును ఎంత దిగిందో మట్టి తవ్వి చూసి చెబుతాడు. మంచు విషయంలో అలాంటి ప్రశ్నను మొదట గట్టిగా అడిగినవాడు జేమ్స్ చర్చ్. నెవాడా ఎడారి అంచున రీనో విశ్వవిద్యాలయంలో ఆయన లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పేవాడు. చలికాలంలో మౌంట్ రోజ్ ఎక్కడం పిచ్చి. తాహో సరస్సు నీటిమట్టం మీద గట్టున ఇళ్లున్నవాళ్లకూ నీటిని వాడుకునేవాళ్లకూ తగవు నడుస్తున్న రోజులవి. వసంతంలో సరస్సు ఎంత పెరుగుతుందో ముందే తెలిస్తే తగవు సగం తీరుతుందని ఆయన ఆలోచన. బోలు గొట్టం ఒకటి చేయించి, మంచులో నేల తగిలేదాకా దించి, లోపల ఇరుక్కున్న మంచుతో సహా తూకం వేశాడు. బరువు తెలిస్తే నీరు తెలిసినట్టే. పాత భాషల పంతులు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో చేసిన ఆ గొట్టమే పడమటి రాష్ట్రాల మంచు సర్వేలన్నిటికీ మూలం. ముసలితనంలో హిమాలయాల మంచు సర్వే కోసం భారతదేశానికీ వచ్చాడు.

ఇప్పుడు ఆ పని చాలావరకు యంత్రాలది. స్నోటెల్ అని పేరు. గడ్డకట్టని ద్రవం నింపిన పెద్ద దిండును నేల మీద పరుస్తారు; మీద మంచు పేరుకునే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, అదే నీటి లెక్క. టెలిఫోను తీగ, కరెంటు లేని కొండల మీద నుంచి ఆ అంకె ఊళ్లోకి రావడమెలా? 1970ల చివర్లో ఇంజనీర్లు పట్టుకున్న దారి విచిత్రం. ఆకాశంలో నిత్యం రాలి కాలిపోయే ఉల్కలు వదిలిన చార మీదికి రేడియో సంకేతం పంపితే అది పరావర్తనమై వందల మైళ్ల దూరంలో దిగుతుంది. ఏళ్ల తరబడి అమెరికా రైతుల నీటి అంచనాలు రాలే చుక్కల మీద ఆధారపడి నడిచాయి. తర్వాత ఉపగ్రహాలు, సెల్‌ఫోన్ మోడెములు వచ్చి ఆ సరదా తీసేశాయి.

ఈ అంకెలు ఎంత ముఖ్యమో అరిజోనాకు బాగా తెలుసు. 1967 డిసెంబరులో తొమ్మిది రోజుల వ్యవధిలో ఫ్లాగ్‌స్టాఫ్ మీద 86 అంగుళాల మంచు పడింది. మనిషిని నిలువునా పూడ్చి ఇంకా మిగిలేంత. నవాహో తెగ పల్లెలకు దారులు మూసుకుపోతే తిండి గింజలూ, పశువులకు గడ్డీ విమానాల నుంచి జారవిడిచారు. అంత మంచూ పదికి ఒకటి లెక్కన కరిగితే జానెడు నీళ్లు. ఆ జానెడు మెల్లగా దిగితే వరం. వెచ్చటి తుఫాను ఒకటొచ్చి మంచు మీద వాన కురిపిస్తే రెండూ కలిసి ఒక్కసారిగా దిగుతాయి. 1980 ఫిబ్రవరిలో ఉప్పొంగిన సాల్ట్ నది ఫీనిక్స్‌ను రెండుగా చీల్చింది. వాహనాలు దాటడానికి మిల్ అవెన్యూ, సెంట్రల్ అవెన్యూ వంతెనలు రెండే మిగిలాయి. జనాన్ని ఇటు నుంచి అటు చేర్చడానికి గవర్నరు భార్య పేరు పెట్టి ‘హ్యాటీ బి’ అనే రైలు నడిపారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే నది అది! 1993 జనవరిలో అదే నది టెంపీలో కడుతున్న కొత్త వంతెనను లాక్కుపోయింది.

నీళ్లు ఎక్కువైతే కనిపించే నష్టం ఇది. తక్కువైతే కనిపించనిది మరోటుంది. 2021 వసంతంలో, అరిజోనాకూ నీళ్లిచ్చే కొలరాడో నదీ పరీవాహకంలో మంచు సగటుకు కాస్త తక్కువగా మాత్రమే ఉంది. కానీ పావెల్ జలాశయానికి ఏప్రిల్ నుంచి జులై దాకా చేరిన నీరు సగటులో మూడో వంతు కూడా లేదు. ముందటేడు ఎండిపోయిన నేల మొదట తన దాహం తీర్చుకుంది. మరికొంత మంచు కరగకుండానే ఆవిరై గాలిలో కలిసింది. ఆ ఆగస్టులోనే కొలరాడో మీద చరిత్రలో మొదటిసారి కొరత ప్రకటించారు. మొదటి కోత ఎక్కువగా అరిజోనా రైతుల మీద పడింది. 2023 వచ్చేసరికి కథ తిరగబడింది. మంచు కరిగిన నీళ్లకు ఫీనిక్స్ ఎగువ జలాశయాల్లో చోటు చాలక మార్చిలో సాల్ట్ నదిలోకే వదలాల్సి వచ్చింది.

ఇంతగా ఊగిసలాడే చోట సగటు తీయాలంటే ఎన్నేళ్ల లెక్కలు కావాలి? 1922 నవంబరులో ఏడు రాష్ట్రాలు కొలరాడో నీటిని పంచుకున్నప్పుడు వాళ్ల ముందున్నవి సుమారు రెండు దశాబ్దాల కొలతలు. అవి వానలు దండిగా పడ్డ ఏళ్లు. వాటినే నమ్మి ఏటా కోటిన్నర ఎకరా-అడుగులు, మన లెక్కలో దాదాపు 650 టీఎంసీలు కాగితం మీద పంచేశారు. 1944 ఒప్పందంతో మెక్సికోకు మరో 65. పరికరాలు పుట్టకముందటి వానను పైన్ చెట్లు రాసిపెట్టాయని ఫ్లాగ్‌స్టాఫ్‌లో లొవెల్ పరిశోధనశాల స్థాపనలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త డగ్లస్ అప్పటికే పసిగట్టాడు. చలికాలపు తడి బాగుంటే మాను వలయం వెడల్పు, లేకుంటే సన్నం. ఆయన టూసాన్‌లో పెట్టిన ప్రయోగశాల పరిశోధకులు 1976లో వలయాలు లెక్కగట్టి, ఆ నది దీర్ఘకాలపు సగటు 590 టీఎంసీలకు మించదని తేల్చారు. అప్పటికి కాలువలూ నగరాలూ వెలిశాయి.

మన కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలు ముందు పెట్టుకుని, నూటికి 75 ఏళ్లు నికరంగా దొరికే 2,060 టీఎంసీలనే లెక్కలోకి తీసుకుంది. తగవు తీరలేదన్నది నిజమే. కానీ ఆ పద్ధతిని కొలరాడో పెద్దలు పాటించి ఉంటే కాగితం మీద ఇంత లేని నీరు పుట్టేది కాదు. అక్కడ కొరతను పంచుకోవడానికి 2007లో కుదుర్చుకున్న మార్గదర్శకాల గడువు 2026తో ముగుస్తుంది.